ఆరని లాంతరు

ఇంజను పొగ వాసన తగిలితే నేను కుదురుగా కూర్చోలేను. నిన్న మధ్యాహ్నం అనంతపురంలోని మా వర్క్‌షాపులో అదే జరిగింది. బయట దుమ్ముగాలి లేచిందని మావాళ్లు షట్టరు దించేసి లోపల జనరేటరు నడిపి చూస్తున్నారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచి, జనరేటరు ఆపించి, షట్టరు ఎత్తించి, అందరినీ రోడ్డు మీదికి తరిమాను. ‘సారుకు మళ్లీ మొదలైంది’ అని ఒకాయన నవ్వాడు. నవ్వనీ. ఆయనకు ఓబుళమ్మ తెలియదు.

ఓబుళమ్మ గుమ్మఘట్ట వైపు ఎండిన బావుల్లో పూడిక తీయించే మేస్త్రి. యాభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేది, నోరు ఇంకా గట్టిది. మనిషిని దింపే ముందు బావిలోకి లాంతరు దింపి చూడటం అక్కడి అలవాటు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డది, వెలుగుతుంటే మంచిది. ఆమె అంతటితో ఊరుకునేది కాదు. గట్టు మీద కూర్చుని, లోపలున్నవాళ్లను పేరు పెట్టి పిలుస్తూనే ఉండేది. “పలుకప్పా!” అంటే కింద నుంచి “ఆ అక్కా” అని వినపడాలి. పాలిటెక్నిక్ చదివి, ఇంజన్లు చూసుకోవడానికి ఆమె దగ్గర చేరిన నాకు ఆ అరుపులు చెవిలో జోరీగలా ఉండేవి. “అంతసేపు ఏం మాట్లాడిస్తావక్కా?” అని ఒకసారి విసుక్కున్నాను. “మాట ఇనేదానికి గాదప్పా, నాలిక ఎట్లా తిరుగుతాండాదో ఇనేదానికి” అంది. నాకు నవ్వొచ్చింది.

ఆ వేసవిలో ఒక రైతు బావి అడుగున నడుములోతు బురదనీళ్లు నిలిచాయి. పైన పెట్టిన ఇంజను అంత లోతు నుంచి నీళ్లు లాగలేకపోయింది. రాయదుర్గం నుంచి కరెంటు మోటారు తెప్పిద్దాం, పని రేపు చూద్దాం అంది ఓబుళమ్మ. నాకు ఆగే బుద్ధి ఉంటే గదా! ఆమె అటు భోజనానికి వెళ్లగానే చిన్న పెట్రోలు ఇంజనును తాళ్లతో దింపించి, బావి లోపల సగం లోతులో ఉన్న రాతి అరుగు మీద పెట్టి, స్టార్ట్ చేసి పైకొచ్చేశాను. నీళ్లు తోడేసింది. పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగింది. తిరిగొచ్చిన ఓబుళమ్మ ఇంజనును చూసి తిట్టాల్సినన్ని తిట్టింది. పొగ కనపడకుండా పోయేదాకా ఆగి లాంతరు దింపాం. నిటారుగా వెలిగింది. “చూడక్కా, రెపరెప గూడ లేదు” అన్నాను గర్వంగా. మా పనివాళ్లు మారుతి, ఎర్రిస్వామి నడుములకు తాళ్లు కట్టుకుని దిగారు. తాళ్ల కొసలు గట్టు మీద మిగతావాళ్లు పట్టుకున్నారు.

కాసేపటికి మారుతి తల నొస్తోందన్నాడు. ఎండ అనుకున్నాం. ఇంకాసేపటికి ఎర్రిస్వామి కూడా అదే మాట అన్నాడు. ఓబుళమ్మ చటుక్కున లేచి నిలబడింది.

“మారుతీ, పలుకప్పా!”

“ఆఁ... అక్...” తాగినవాడిలా నాలుక మందంగా పలికింది.

“లాగండప్పా! ఇద్దర్నీ లాగండి!”

“లాంతరు ఎలుగుతానే ఉండాది గదక్కా” అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

“లాంతరుకు తలనొప్పి వస్తాదా? ఒగనికి నొస్తే ఎండ అనుకుందుము, ఇద్దరికీ నొస్తాండాదే!”

ఎర్రిస్వామి తూలుతూ పైకొచ్చాడు. మారుతి తాడు మాత్రం సగంలో చిక్కుకుంది. అరుగు మీది నా ఇంజనుకే చిక్కుకుంది. కింద అతని తల వాలిపోయి ఉంది. నేను దూకబోతే ఓబుళమ్మ చొక్కా పట్టి వెనక్కి గుంజింది. “నువ్వు గూడ పడితే ఎవర్ని ముందు లాగల్ల? తాడు వదులుజేసి పక్కకు లాగు!” ఆమె చెప్పినట్టే లాగాను. రెండోసారికి తాడు విడిపోయింది. మారుతిని బావికి దూరంగా, గాలి ఆడే చోట పడుకోబెట్టాం. ఊపిరి ఉంది. 108 రాగానే ఆమె చెప్పిన మొదటి మాట, “బావి లోపల ఇంజను నడిపినారు, ఆ పొగ పీల్చినాడు.” అది విని వాళ్లు వెంటనే ఆక్సిజన్ పెట్టారు. నాకేం కాలేదంటున్న ఎర్రిస్వామిని కూడా తిట్టి బండి ఎక్కించింది.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, పొగ పోయినా అది బావిలో నిలిచే ఉంటుందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మనిషిని పడగొట్టేంత ఉన్నా లాంతరును ఆర్పదట. ఊళ్లో మాత్రం బావి మనిషిని పట్టిందన్నారు. రైతు కొబ్బరికాయలు కొట్టాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగా ఉంది. తప్పు బావిదైతే నాది కాదు గదా. రెండు రోజులు ఆ నీడలోనే దాక్కున్నాను.

మారుతి ఇంటికొచ్చిన రోజు ఓబుళమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. మంచం మీద నుంచే అతను అడిగాడు. “బావిలో ఏముండాదన్నా?”

నేను ఓబుళమ్మ వైపు చూశాను.

“నన్ను జూస్తావేంటికి? ఆయప్ప అడిగింది నిన్ను” అంది.

“బావిలో ఏమీ లేదు మారుతీ. నా ఇంజను పొగే” అన్నాను. నీళ్లు తెస్తున్న అతని భార్య చెంబు నా చేతికివ్వకుండా నేల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఓబుళమ్మ నన్ను వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. నేను లేచి పోబోతే పోనివ్వకుండా పక్కనే కూర్చోబెట్టుకుంది.

ఆమె పోయి కొన్నేళ్లయింది. నా దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరైనా తల నొస్తోందంటే, ఈ రోజుకీ నేను ముందు అడిగేది వాళ్లను కాదు. నేనేం చేశానని నన్ను నేను అడుగుతాను.