జీడిపిక్కల మిషనుకి నా గైడు

యూనివర్సిటీలో నేను చేరింది సాంకేతిక రచన కోర్సులో. మిక్సీ కొంటే అట్టపెట్టెలో ఒక చిన్న పుస్తకం వస్తుందే, ఎవరూ చదవకుండా అటకెక్కించేది, అలాంటివి రాయడం నేర్పే చదువు. నా మొదటి వ్యాసం చూసి మేడమ్ "జీడిపాకంలా సాగుతోందమ్మా" అన్నారు. పలాస పిల్లని కదా, జీడి వాసన రాతకీ అంటిందనుకుని సర్దుకుపోయాను.

ఆఖరి ప్రాజెక్టుకి ఏదైనా ఒక యంత్రం వాడే పద్ధతి రాయాలి. దాన్ని ఎన్నడూ వాడని మనిషికి ఆ గైడు ఇచ్చి, పక్కనే నోరు మూసుకుని నిలబడాలి. రాసినవాళ్లు ఒక్క మాట సాయం చేసినా పరీక్ష చెల్లదు. మిగతా అసైన్‌మెంట్లలో నా మార్కులు ఎలాంటివంటే, ఇది పోతే పేపరే పోతుంది. రాయడం ఎలాగోలా రాస్తాను. నోరు మూసుకోవడమే మా ఇంటావంటా లేదు.

పలాసలో మా మేనత్త పెరటి షెడ్డులో జీడిపిక్కలు కొట్టే మిషన్లున్నాయి. కాలితో తొక్కి, చేత్తో మీట లాగితే పిక్క పగులుతుంది. సెలవుల్లో నేనూ కొట్టినదాన్నే కాబట్టి గైడు చకచకా రాసేసి అత్తకీ, పనిలో ఉన్న ఆడవాళ్లకీ చదివి వినిపించాను.

"అంతా సరిగ్గానే ఉందే కోడలా," అంది అత్త. "అయితే పిక్కలు కొట్టడం నేర్సుకోడానికి యూనివర్సిటీకెల్లినావా? నాకు సెప్తే ఇక్కడే నేర్పేద్దును కదేటే!"

షెడ్డంతా నవ్వింది. ఎవరూ ఒక్క తప్పూ పట్టలేదు.

పరీక్షకి నా హాస్టల్ రూమ్మేటుని అత్త షెడ్డుకి తీసుకొచ్చాను. అనంతపురం అమ్మాయి, జీడిపప్పుని పాయసంలో తప్ప చూడలేదు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, పెదాలు బిగించి నిలబడ్డాను. గైడులో ఉన్నట్టే స్టూలు సర్దుకుంది, పెడలు మీద కాలు పెట్టింది. నాకే ముచ్చటేసింది, ఎంత బాగా రాశానో అని.

ఆమె పిక్క కోసం చెయ్యి చాపింది. అంతలో నా చెయ్యి దానంతటదే కిటికీలోని నూనె గిన్నెలోకి వెళ్లింది. మిషను దగ్గర నిలబడితే చాలు, మాకు చేతులకి నూనె రాసుకోవడం అలవాటు. పిక్క తొక్కలోని రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది మరి.

ఆమె నా వైపు చూసింది. "నువ్వేంటికి నూనె పూసుకుంటాండావే?"

నా గైడులో నూనె మాటే లేదు. పేపరు పాసవ్వాలంటే మౌనం. ఆమె వేళ్ల మధ్య పిక్క. కాలు పెడలుని నొక్కబోతోంది.

"ఆగవే! తొక్కకు! నూనె!" అని అరిచాను. ఆ మూడు ముక్కలే నా మొత్తం కోర్సులో నేను క్లుప్తంగా చెప్పిన సూచన.

"నూనె సంగతి కూడా రాయాలేటే?" పక్క మిషను దగ్గరున్న అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది. "అయితే సీర కట్టుకుని కూసోమని కూడా రాత్తావా?"

"మీ ఊరోళ్లకి రాసినావు, నాకు కాదు," అంది రూమ్మేటు, తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ.

గైడు మొదటి వరుసలో నూనె చేర్చి, నా అరుపుతో సహా ఆ వీడియో మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ చూసి నవ్వి, "మాట్లాడావు కాబట్టి పరీక్ష చెల్లదు. మళ్లీ ఇంకొకరితో చేయించు," అన్నారు. ఈసారి మా హాస్టల్ వార్డెన్‌ని బతిమాలి పలాస తీసుకెళ్లాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, మొదటి వరుస చదివి, మోచేతుల దాకా నూనె పట్టించుకున్నారు. నేను కిక్కురుమనలేదు. పేపరు గట్టెక్కింది.

ఆ సంబరానికి అత్త వేయించిన జీడిపప్పు డబ్బా పంపింది. మూత తీయగానే రూమ్మేటు రెండు అరచేతులూ నా ముందుకి చాపింది.

"ముందు నూనె పోయ్."