చక్రానికి పెట్టిన కందెన

పొద్దుగూకే వేళకు వాగు మలుపు కాడ ఫట్‌ఫటీ చప్పుడు వినపడంగానే నేను లేచి నీళ్ళకాగు పొయ్యి మీద పెట్టేదాన్ని. బండి మా వసారా ముందు ఆగేసరికి నీళ్ళు వెచ్చబడేవి. ఇప్పుడూ ఆ చప్పుడు వస్తుంది. అదే బండి, అదే వేళ. లేవబోయి మళ్ళీ కూచుంటా. అది మా ఇంటి ముందు ఆగదు. కొత్త కాంపౌండరు ప్రభుదాసు గారు దాని మీద ఆస్పత్రికి పోతారు.

మా ఇంటాయన పేరు కృపాదానం. రొంపిచర్లలో మిషను ఆస్పత్రి కాంపౌండరు. చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడి ఎడమకాలు సరిగ్గా అతకలా. ఆ కాలితోనే మందుల సంచి భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. పుండ్లు కట్టేవాడు, చలిజొరాలకు మందు పోసేవాడు. ఆ తిరుగుడు చూడలేక ఆస్పత్రి నడిపే దొరగారు తన చిన్న మోటారు సైకిలు వాడుకోమన్నారు. మూలుగుతా నడిచేది. ఎదురింట్లో ఎద్దుబళ్ళు చేసే దానయ్య మామ దాన్ని చూసినప్పుడల్లా, "ఇది మోటారా, ఈనిన మేకా?" అనేవాడు.

నన్ను ఒక్కసారి కూడా దాని మీద ఎక్కించుకోలా. ఈపూరులో మా అమ్మగారింటికి పోవాలన్నా, "పెట్రోలు రోగులకే, పెళ్ళాలకు గాదు" అనేవాడు. నన్ను ఎద్దుబండి ఎక్కించి తను అటువైపు ఊళ్ళ పనిమీద ముందు పోయేవాడు. పోయినోడు పోడు, ప్రతి మలుపులో బండి ఆపి, మా ఎద్దులు కనపడిందాకా నిలబడేవాడు. "ఏమే, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని ఎగతాళి ఒకటి.

యుద్ధం అయిపోయి దొరగారు వాళ్ళ దేశం వెళ్ళిపోయినాక బండిని ఆస్పత్రి పేరుకు మార్చాల్సి వచ్చింది. నర్సరావుపేట బంగళాకు బ్రేకు ఇనస్పెక్టరు వస్తాడు, ఆయన చూసి రోడ్డు మీద తిరగొచ్చు అంటేనే బండి ఇక్కడ ఉంటుంది, లేకపోతే గుంటూరు తెప్పించుకుంటాం అన్నారు మిషనువాళ్ళు. బండి పోతే ఆయన మళ్ళీ కుంటుకుంటా నడవాల. అదే నా భయం. ఆయన మాత్రం బండిని బర్రెను కడిగినట్టు కడిగి, "పరీక్షకు పిల్లను తయారుచేసినట్టుంది" అని నవ్వాడు.

ముందురోజు సాయంత్రం ఆయన ఎవరికో కట్టు కట్టటానికి పోతే, దానయ్య మామ కందెన గొట్టం పట్టుకుని వచ్చాడు. ఆముదంలో గడ్డి మసి కలిపి బళ్ళ ఇరుసులకు పెట్టే కందెన.

"ఏంది మామా?"

"వెనక చక్రం కిర్రుమంటంది అమ్మాయ్. ఇనస్పెక్టరు ముందర చక్రం అరిస్తే మన ఊరి పరువు ఏంగావాల?"

వసారాలో గుంజ పక్కన చతికిలబడి, చక్రం సందులోకి కందెన దిగ్గొట్టాడు. నేల మీద కూడా జానెడు మేర ఒలికింది. చక్రం తిప్పి చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. కొడుకు పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు. ఎద్దుబండికి అదే గదా మంచితనం.

రోహిణి కార్తె ఎండ. మా ఇంటాయన తెల్లారి నర్సరావుపేట వెళ్ళినోడు చీకటి పడబోతుండగా వచ్చాడు. ఫట్‌ఫటీ చప్పుడు రాలా. అంత దూరమూ బండిని నెట్టుకుంటా వచ్చాడు. మొహం ఇటికరంగులో ఉంది, ఒంటి మీద చెమట చుక్క లేదు.

"బండి పోయినట్టేనా?" అన్నా.

"పోలేదులే. హారను, దీపం, ముందు బ్రేకు అన్నీ సరే అన్నాడు. వెనక బ్రేకు పట్టలా. బండి గీత దాటి ఎంతో దూరం జారిపోయింది. చక్రంలో వేలు పెట్టి వాసన చూసి, 'ఎవడయ్యా బ్రేకుకు ఆముదంతో తలంటు పోసింది?' అన్నాడు. అందరూ ఒకటే నవ్వు." తనూ నవ్వి, మజ్జిగ అడిగాడు. "లోపల బిళ్ళలు చక్రాన్ని ఒరుసుకుంటేనే అది ఆగేది. నూనె పడితే జారుద్దంట. శుభ్రం చేసి మళ్ళీ తీసుకరమ్మన్నాడు."

"అక్కడే వదిలిపెట్టి రాకూడదా?"

"వదిలితే గుంటూరోళ్ళు తోలుకపోరూ?"

"ఎక్కన్నా రావొచ్చుగా. దారిలో ఎవురు చూస్తారు?"

"బ్రేకు లేదు గదే. పిల్లకాయ ఎవురన్నా అడ్డమొస్తే?" మజ్జిగ రెండు గుక్కలు కూడా దిగలా. గ్లాసు కింద పెట్టి, "దానయ్య మామకు చెప్పబాక. ముసలాయన బాధపడతాడు" అన్నాడు.

ఎందరికో వడదెబ్బకు మందిచ్చిన మనిషి, తనకు తగిలింది ఒప్పుకోలా. మర్నాడు మధ్యాహ్నానికి పోయాడు.

సమాధి పెట్టె చేసింది దానయ్య మామే. బండికని దాచుకున్న తుమ్మచెక్క తెచ్చి మా వసారాలోనే కోశాడు. చిత్రిక పడతా పడతా ఆగి, నా మొహం చూడకుండా అడిగాడు. "ఇంతకీ ఏం లోపమన్నాడమ్మాయ్ ఆ ఇనస్పెక్టరు?"

లోపల చాప మీద మనిషి ఉన్నాడు. ఆయన చెప్పబాకన్నప్పుడు ఒక పరీక్ష తప్పిన సంగతే. ఇప్పుడు ఆ మాట ఎంత బరువెక్కిందో నాకు తెలుసు.

"దీపం సరిగ్గా వెలగలేదన్నాడంట మామా."

"దీపమా? చక్రం మరి?"

"చక్రం బాగుందన్నాడంట."

ఆయన తలాడించి మళ్ళీ చిత్రిక పట్టుకున్నాడు.

తరవాత మిషనువాళ్ళు మోటారు మేస్త్రీ సర్దారును పంపారు. అతను చక్రం విప్పి, పెట్రోలు గుడ్డతో తుడిచి, కొత్త బిళ్ళలు వేశాడు. అట్టే సేపు పట్టలా. ఇనస్పెక్టరు ఈసారి సరేనన్నాడు. ఎవురికోసం సరేనన్నట్టో.

ఆమధ్య దానయ్య మామ మళ్ళీ గొట్టం పట్టుకుని బయల్దేరాడు. "ప్రభుదాసు గారి చక్రం కిర్రుమంటంది. మన కృపాదానం బండి, అట్టా అరుస్తుంటే ఊరుకోబుద్ధి గాలా."

వసారా దిగి అడ్డం పోయా. "వద్దు మామా. కొత్తాయన బండి ఎవురినీ తాకనియ్యడంట."

"నన్నా తాకొద్దంది?"

"నువ్వని గాదు. ఎవురినీ."

మామ గొట్టం కిందికీ మీదికీ చూసుకున్నాడు. "కృపాదానం అట్టా అనేవాడు గాదు" అని వెనక్కి తిరిగాడు. ప్రభుదాసు గారి మీద లేని నింద వేశా. ఆ పొద్దే వాళ్ళింటికి పోయి, మామ వస్తే చెయ్యి పెట్టనియ్యొద్దు, ఎందుకని నన్ను అడగొద్దు అని చెప్పొచ్చా. ఆయన మంచివాడు, అడగలా.

అప్పట్నుంచి మామ మా ఇంటివైపు రావడం తగ్గింది. నిన్న శనివారం వసారా అలుకుతుంటే మాత్రం గేదె కోసం పోతా ఆగాడు.

"ఆ గుంజ కాడ మరక అట్నే వదిలేస్తన్నావేంది అమ్మాయ్? ఇంకో చెయ్యి వెయ్యి, పోద్ది."

"వేస్తాలే మామా."

ఆయన సందు తిరిగిందాకా చూశా. పేడనీళ్ళు ఇంకా కుండలో ఉన్నాయి. ఆ జానెడు కందెన మరకను వదిలి చుట్టూ అలికి, మిగిలిన నీళ్ళు పాదులో పోసి, చేతులు కడుక్కున్నా.