బైపాస్ మీద ముగ్గు

మొయినాబాద్‌లో నేను కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరు ఆదివారం నీళ్ల మోటారు వేయడు. అందుకే ఆ రోజు స్నానం చేయకుండానే చేవెళ్ల దగ్గర డ్యూటీకి వెళ్లాను.

బైపాస్ వచ్చాక బస్సులు ఊళ్లోకి రావడం తగ్గింది. జనం బైపాస్ దాకా నడిచొచ్చి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటి బస్సెక్కుతున్నారు. ఊరి రోడ్డు బైపాస్‌ను దాటే కూడలి మధ్యలో సర్కిల్ కడితే బండ్లు నెమ్మదిస్తాయని మా ప్లానింగ్ ఆఫీసు ఆలోచన. కట్టే ముందు, ఇంటి పునాదికి పోసినట్టే తెల్లగా, గుండ్రంగా ముగ్గు పోసి ఒక పూట చూద్దామన్నారు. ఆ గుండ్రం మధ్యలో ఎర్రజెండాతో నిలబడే గౌరవం నాకు దక్కింది.

బస్సు కోసం కూర్చున్న అవ్వ ఒకామె, "అండ్ల ఎందుకు నిలబడ్డవ్ బిడ్డా, జర ఇవతలికి రా" అంది.

"డ్యూటీ అవ్వా."

"గిదేం డ్యూటీ?"

జవాబు ఆలోచిస్తుండగానే వికారాబాద్ వైపు నుంచి బండల లారీ వచ్చింది. జెండా ఊపాను. లారీ నెమ్మదించలేదు. పక్కకు దూకమని కాళ్లకు చెప్పాను, అవి వినలేదు. ఇక లారీ ముందు భాగం తప్ప నాకేమీ కనబడలేదు. కళ్లు మూసుకున్నాను.

బ్రేకులు కీచుమన్నాయి. కళ్లు తెరిచేసరికి లారీ టైరు ముగ్గు గీతకు జానెడు దూరంలో ఉంది. మా సర్కిల్ పనిచేసిందని కాస్త గర్వపడ్డాను కూడా.

డ్రైవర్ దిగి, చెప్పులు విడిచి, గీతకు అవతలే నిలబడ్డాడు. ఆగినందుకు థాంక్స్ చెప్పాను.

"నిన్ను చూసి ఆగలేదన్నా. నాలుగు బాటల కాడ ముగ్గున్నది, ఎవడన్న మంత్రాలు చేసిండేమోనని ఆపిన. నువ్వు నాకు కనబడనే లేదు."