చాచా రంగు వేసిన అమ్మ ఫోటో

మొన్న డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చేసరికి, మస్కట్ పక్కన అల్ హైల్‌లో ఫోటో స్టూడియో నడిపే చాచా పోయారని మా రూమ్‌మేట్ చెప్పింది. ఇరవై ఏళ్లుగా నర్సుని, ఇలాంటి కబుర్లు నాకు కొత్త కాదు. అయినా బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయాను.

ఆయనది కడప. వీసాలకీ, లేబర్ కార్డులకీ ఫోటోలు తీయడం కూడు పెట్టే పని. పాత నలుపు తెలుపు ఫోటోలకు కంప్యూటర్‌లో రంగులు వేయడం ప్రాణం. ఒక్క మీట నొక్కితే రంగులు పడిపోయే రోజులివి. ఆయన మాత్రం ఫోటో తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆ చొక్కా ఏ రంగు, ఆ తలుపు ఏ రంగు అని పోలీసులా ఆరా తీసేవారు. తెలియదంటే ఊరికి ఫోన్ చేయించేవారు.

"కంప్యూటర్‌ను అడిగితే అందరికీ నీలం చొక్కానే తొడుగుతాదమ్మా. ఇంట్లోవాళ్లనే అడగల్ల" అనేవారు. చాదస్తం అని నేను నవ్వుకునేదాన్ని.

మా అమ్మ వయసులో ఉన్నప్పటి ఫోటో ఒక్కటే ఉంది. ఆమె పోయి ఏడాదైన సందర్భంగా ఊళ్లో జరిగే జ్ఞాపకార్థ కూడికలో రంగులు వేయించి, పెద్దది చేయించి పెట్టాలని కొన్నేళ్ల కిందట చాచాకి ఇచ్చాను. చీర ఆకుపచ్చదని పెద్దమ్మ ఫోన్లో చెప్పింది. వారం తర్వాత వెళ్తే తెర మీద అమ్మ నుదుట ఎర్రటి బొట్టు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మేము క్రైస్తవులం చాచా. మా అమ్మ జన్మలో బొట్టు పెట్టలేదు. అది మరక, తీసేయండి" అని షాపులో నలుగురి ముందూ అరిచాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ఫోటోను పెద్దది చేసి చూపించారు. "మరకైతే అంచు చెదిరుంటాదమ్మా. ఇది గుండ్రంగా దిద్దినట్టుండాది. పెద్దోళ్లను అడుగు. కాదంటే ఇప్పుడే తీసేస్తా."

అక్కడినుంచే పెద్దమ్మకు ఫోన్ చేశాను. "మీ అమ్మ బాప్తిస్మం తీసుకుంది పెళ్లప్పుడేనే. అప్పటిదాకా బొట్టు లేకుండా గడప దాటేది కాదు" అంది. అప్పటికి నాకు నలభై ఐదేళ్లు. అమ్మ గురించి ఆ సంగతే తెలియదు. సిగ్గుతో చాచా మొహం చూడలేకపోయాను. ఆయన ఏమీ ఎరగనట్టు టీ గ్లాసు నా ముందుకు జరిపారు. క్షమించమని అడిగానో లేదో ఇప్పుడు గుర్తు రావడం లేదు. అడగలేదనే అనుకుంటాను.

బొట్టుతోనే ప్రింటు తీసుకుని ఊరెళ్లాను. నాన్న సంఘపెద్ద, ఏమంటారోనని భయపడుతూనే ఫోటో చేతికిచ్చాను. ఆయన ఆ బొట్టు మీద బొటనవేలు ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

"పెళ్లిచూపుల నాడు ఇలాగే ఉందమ్మాయ్" అన్నారు. కళ్లు తుడుచుకుని, "చీర మాత్రం వంకాయరంగుది" అన్నారు.

చాచాకి ఫోన్ చేసి చెప్పాను. సంబరపడతారనుకుంటే, "అయ్యో, చీర తప్పు చేసినామే" అన్నారు.

సెలవు అయిపోయి తిరిగొచ్చాక స్టూడియోకి వెళ్లాను. పాస్‌పోర్ట్ ఫోటోల కోసం ముగ్గురు కాచుకుని ఉన్నారు. చాచా కళ్లజోడు తలమీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, అమ్మ భుజం మీది ఆకుపచ్చను కొద్దికొద్దిగా తుడుస్తున్నారు.