ఎండబోసిన కాస్కేడ్

2026 ఫిబ్రవరి. కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక చిన్న బీరు తయారీ కేంద్రంలో నేను అసిస్టెంట్ బ్రూవర్‌ని. నలుగురిలో మాట్లాడడం నాకు కష్టం. చెప్పాల్సిన దాంట్లో సగం నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది. ఆ వారం మొదటిసారి నా సొంత రెసిపీతో బీరు కాయాలి.

"మంచిగొస్తె మెనూల పెడ్త. లేకుంటే ఏడాది దాక మల్ల అడగకు," అన్నారు హెడ్ బ్రూవర్ శ్రీధర్ సార్.

రెసిపీ అంతా కాస్కేడ్ మీదే. అది హాప్స్‌లో ఒక రకం. హాప్స్ అంటే బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే తీగ పూలు. మాకు పొడిచేసి నొక్కిన పచ్చటి పెల్లెట్స్‌గా వస్తాయి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల నుంచి తీసిన తీపి రసాన్ని వోర్ట్ అంటారు. అది మరగడం మొదలైనప్పుడే కాస్కేడ్ వేస్తే చేదు మాత్రమే మిగులుతుంది. చివరి పది నిమిషాల్లో వేస్తే పంపరపనస తొక్క గిల్లిన వాసన వస్తుంది.

తెరిచిన ప్యాకెట్‌ను స్టోరు చూసుకునే రాజన్న కాకకు ఇస్తూ, "తేమ తగలనియ్యకు కాకా," అన్నాను. అంతే అన్నాను. మూతి బిగించి ఫ్రీజర్లో పెడతాడనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మేడ మీద, తెల్లబట్ట పరిచి, నా కాస్కేడ్ ఎండుతోంది.

"ఏం జేసినవ్ కాకా!"

"జర మెత్తగనిపిచ్చింది బిడ్డా. మెట్‌పల్లిల ముప్పై ఏండ్లు పసుపు ఉడకబెట్టి ఎండబోసిన. నాకు తెల్వదా?"

గుప్పెడు తీసి నలిపి చూశాను. ఎండుగడ్డి వాసన, దాని వెనక చెమట సాక్సుల కంపు. కాక ముఖం మారింది. "నౌకరి పోతదా బిడ్డా?"

సార్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. "ఎవలు జేసిండ్రు?" అన్నారు. నేనే ముందుకు జరిగి చెప్పాను. "తప్పు నాది సార్. ఫ్రీజర్ అని చెప్పలే. ఎందుకో అసలే చెప్పలే."

సార్ లేచి స్టోరుకు నడిచారు. ఫ్రీజర్ తెరిచారు. చేదు కోసం మాగ్నమ్ అనే వేరే రకం ఉంది. సీలు తీయని చిన్న కాస్కేడ్ ప్యాకెట్ ఒకటి దొరికితే చివరి పది నిమిషాలకు దాచాం. బీరు మెనూలోకి వచ్చింది. వాసన మాత్రం నేను అనుకున్నంత రాలేదు.

ఎండకూ గాలికీ హాప్స్ నూనెలు ఎగిరిపోతాయని ఎండబోసిన రోజు సాయంత్రమే కాకకు వివరించాను.

"అంటే మల్లెపూల లెక్కనా? గా ముక్క నిన్ననే చెప్తే నీ సొమ్మేం బోయేది?"

నిజమే. ఏం చేయొద్దో చెప్పి ఎందుకో చెప్పకపోతే, పని తెలిసిన మనిషి మిగతాది తన అనుభవంతో పూరించుకుంటాడు. ఆ తప్పు ఆయనది కాదు.