పాడెకెక్కని పూలు

అస్పసియాకు కావలసింది ఒక్క కాయ. ఎండిపోయినా సరే, పురుగు కొట్టినా సరే. తమ గ్రీకు పల్లె పైనున్న రాళ్ల చరియ మీద తప్ప ఇంకెక్కడా కనబడని ఆ ముళ్లపొద కొత్త జాతని, ఇంతవరకూ ఏ శాస్త్రగ్రంథానికీ ఎక్కలేదని ఆ బడిపంతులమ్మ నమ్మకం. ఏథెన్సు పండితులు మాత్రం పూలు చూసి, "పాత జాతిలాగే ఉంది, కాయ పంపండి" అన్నారు. వాళ్లకేం, కుర్చీలో కూర్చుని ఎన్నైనా అడుగుతారు.

కాయ ఎక్కడిది? ఈస్టరు ముందటి శుక్రవారం పొద్దున్నే ఊరి ఆడవాళ్లు ఆ పసుపు పూలకొమ్మలన్నీ నరుక్కొస్తారు. ఆ రోజు ఊరేగించే క్రీస్తు బొమ్మ పాడె మీద, ఇంట్లో పోయినవాళ్ల పేరిట తలా ఒక కొమ్మ పెడతారు. పువ్వు మిగిలితేగా కాయ కాసేది! ఆ దండుకు నాయకురాలు అస్పసియా అత్తగారు గరుఫలియా. కొడుకు స్ట్రాటిస్ లారీ మంచులో జారి లోయలో పడిన నాటినుంచి, క్రీస్తు పాదాల దగ్గర కొమ్మ పెట్టే చోటు ఆవిడది. ఆవిడ నోటికి చర్చి గురువు కూడా జడుస్తాడు.

ఆ ఏడు అస్పసియా గుండె దిటవు చేసుకుని అడిగింది.

"అత్తయ్యా, ఈసారి ఒక్క పొద వదిలేయరూ?"

"దేవుడి పూలలో వాటా అడుగుతున్నావటే! కొండ మీద ఇంకే గడ్డీ దొరకలేదా నీకు?"

"ఇది ఇంకెక్కడా లేదత్తయ్యా."

ముసలావిడ కొడవలి నూరుకుంటూ ఉండిపోయింది. అస్పసియాకు ఏడుపొచ్చింది. స్ట్రాటిస్ పోయాక ఒకరికొకరై బతుకుతున్నారు ఇద్దరూ. ఈవిడ మనసు కష్టపెట్టి సంపాదించే కాయ తనకొద్దు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

శుక్రవారం పాడె ఊరేగింది. నిండా పసుపు పూలు. పాదాల దగ్గర మాత్రం బోసిగా ఉంది.

"ఏం గరుఫలియా, కొడుకుని మర్చిపోయావా?" అంది గురువుగారి భార్య, పదిమందీ వినేలా.

"వాడి కొమ్మ వాడి పెళ్లాం అడిగింది, ఇచ్చాను. మధ్యలో నీకేం నొప్పి?"

అస్పసియా కొవ్వొత్తి రెండో చేతికి మార్చుకుంది. అత్తగారి చెయ్యి పట్టుకోబోయింది.

"నడువ్, నడువ్. ఒంటి మీద మైనం పోసుకుంటావు," అని ఆవిడ విదిలించుకుంది.

అత్తగారు నరక్కుండా వదిలిన ఆ పొద వేసవిలో కాసింది. పాత జాతి కాయ చదునుగా, నున్నగా ఉంటుంది. ఇదేమో పొట్టిగా, మెలి తిరిగి, వెండిరంగు నూగుతో ఉంది. ఇక కాదనే మొనగాడు లేడు. అస్పసియా కొలతలు తీసి, బొమ్మ గీసి, లాటిన్‌లో పేరు పెట్టి పంపింది. అచ్చయి వచ్చిన రోజున ఆ కాగితం, దాచి ఉంచిన కాయొకటి పట్టుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

"దీనికి మన స్ట్రాటిస్ పేరు పెట్టానత్తయ్యా. లోకమంతా ఇక ఆ పేరుతోనే పిలవాలి."

గరుఫలియా కాగితం వైపు చూడనైనా లేదు. కాయ తీసుకుని బొటనవేలితో నొక్కింది. చిట్లి, గింజలు ఒళ్లో రాలాయి. ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టుకుంది.

"మావాడికి పిల్లల్లేరని ఎంత ఏడ్చానే, పిచ్చిదాన్ని," అంది. "చూడు, ఇంతమంది."