కరెంటు బండికి పెట్రోల్ సీసా

పరువు ఒకసారి పోతేనే మనిషి కోలుకోవడం కష్టం. నాకు ఒకే రోజు, ఒకే కల్వర్టు దగ్గర రెండుసార్లు పోయింది. చెబుతాను, నవ్వుకోండి. పాల్వంచ వైపు వస్తే మాత్రం నన్ను చూసి నవ్వకండి.

అప్పటికి ఆరేళ్లుగా మోటార్‌సైకిల్ షోరూములో బళ్లు అమ్ముతున్నాను. పెట్రోల్ వాసన తగలకపోతే నాకు తలనొప్పి వచ్చేది. అలాంటి చోటికి మొదటి ఎలక్ట్రిక్ స్కూటర్ దిగింది. మా ఓనరు నన్ను పిలిచి, "దీని మీద ఒక్క కంప్లైంట్ వచ్చినా నువ్వు మళ్లీ బండ్లు కడుగుడే," అన్నాడు.

దాన్ని కొన్నది సమ్మక్క టీచర్. ములకలపల్లి దారిలో, అడవి అంచున ఉన్న ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతుంది. ఆమె బండి నడిచే తీరు చూసి కొందామని ఆ ఊళ్లో ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారట. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి తాళం చేతికిచ్చాను.

"తమ్మీ, మీటర్ల గీ ఎర్ర గీత ఏంది?"

"కొత్త బండి గదక్కా, షోరూముల గట్లనే ఉంటది."

ఇక్కడ మీకో వృత్తి రహస్యం చెప్పాలి. మేము కొత్త బండిలో పక్కనున్న బంకు దాకా సరిపడా పెట్రోలే ఉంచుతాం. ఆ అలవాటుకొద్దీ ఛార్జింగ్ కూడా కాస్తంతే ఉంచాను! అందులోనూ పొద్దున్నుంచి స్టాఫంతా సరదాగా తలా ఒక రౌండు కొట్టాం.

గంటలో ఫోను.

"తమ్మీ, బండి ఆగిపోయింది. ఊరికి రెండు కిలోమీటర్లుందనంగ, కల్వర్టు కాడున్న."

"ఆడనే ఉండక్కా, జల్దీ వస్త!"

బండి ఆగిందని వింటే చాలు, నా చేతులు నన్ను అడగకుండానే పని మొదలుపెడతాయి. బంకుకు ఉరికాను. సీసాలో పొయ్యనన్నవాణ్ణి బతిమాలి లీటరు పోయించుకుని, షోరూము పాత బైకెక్కి దూసుకెళ్లాను.

కల్వర్టు దగ్గర సగం ఊరు నిలబడి ఉంది. నేను ఠీవిగా సీసా మూత తీసి స్కూటర్ చుట్టూ తిరిగాను. ట్యాంకు మూత కనబడలేదు. సీటెత్తాను. లేదు. వంగి కింద కూడా చూశాను.

"ఏం దేవులాడుతున్నవ్ తమ్మీ?" అంది టీచర్.

"పెట్రోల్ యాడ పొయ్యాలె అని..."

నోరు జారాక గానీ నా మాట నాకే వినబడలేదు.

"ఈ బండికి జన్మల పెట్రోల్ అక్కర్లేదని చెప్పి అమ్మింది నువ్వే గదా!"

ఆ నవ్వులకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. కొందామనుకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు బండ్లు కడిగే పైపు కళ్లముందు కదిలింది. సిగ్గుతో ఆ సీసాను పక్కనే మోపెడ్ మీదున్న ఆ ఊరి ముత్తయ్య తాత చేతిలో పెట్టి, "నీ మోపెడ్ల పోసుకో తాతా," అన్నాను.

స్కూటర్‌ను ఊరిదాకా నేనే తోశాను. నా బైకును ఎవరో వెనకే తెచ్చారు. టీచర్ ఇంట్లో ఛార్జింగ్ పెట్టి, "నిండేదాక నువ్వు కదలొద్దు," అంది. సాయంత్రం దాకా అంగన్‌వాడీ పిల్లల మధ్య కూర్చుని పాటలు పాడాను. నాలుగేళ్ల పిల్ల నా తప్పులు దిద్దింది.

బయల్దేరి సరిగ్గా అదే కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి నా బైకు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చూస్తే ట్యాంకులో చుక్క లేదు. పొద్దున సీసా నింపించిన మహానుభావుడు, తానెక్కిన బండిని మరిచాడు! అదీ షోరూము బండే కదా మరి. ఓనరుకు ఫోన్ చేస్తే గుట్టంతా బయటపడుతుంది. ఇక మిగిలింది ఒక్కటే నంబరు.

"అక్కా... బండి ఆగిపోయింది. కల్వర్టు కాడున్న."

అవతల చాలాసేపు నవ్వే వినబడింది. తర్వాత చప్పుడు లేకుండా స్కూటర్ వచ్చి నా ముందు ఆగింది. నడిపేది టీచర్. వెనక ముత్తయ్య తాత, ఆయన ఒళ్లో నా సీసా.

"ఇగ పట్టు, నీ పెట్రోల్," అన్నాడు తాత. "గీ బండికన్నా ట్యాంకు యాడుందో ఎరికేనా?"

మర్నాడు ఓనరు అడిగాడు: "కంప్లైంట్ ఏమన్న వచ్చిందా?"

"లేదు సార్. ఆ ఊరి నుంచే ఇంకో ఇద్దరు బుక్ చేసుకున్నరు. ఆగిపోయిన పెట్రోల్ బండిని కరెంటు బండి పోయి కాపాడిందట. అది చూసి కొంటున్నరు."

"ఎవనిదా పెట్రోల్ బండి?"

"ఎవడో తెలివితక్కువోడు సార్."

ఆ క్షణమే భద్రాద్రి రాముడి దిక్కు తిరిగి మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఛార్జింగ్ నిండనిదే ఏ స్కూటరూ గడప దాటదు. కరెంటు బండి దగ్గరికి పెట్రోల్ సీసాతో వెళ్లను. ఒకవేళ వెళ్లినా, ఆ సీసాను చచ్చినా ఎవరికీ దానం చెయ్యను.